కృత్రిమ మేధ శిక్షణకై చిత్రములు గీయించుట

కృత్రిమ మేధ శిక్షణకై చిత్రములు గీయించుట అనగా, బొమ్మలను తయారుచేయు కంప్యూటరు మోడళ్ళకు నేర్పు నిమిత్తము చిత్రకారులకు ముందుగా పని అప్పగించి, పారితోషికమిచ్చి, కొత్త చిత్రములను వేయించుకొను పద్ధతి. అంతర్జాలములో ఇదివరకే ఉన్న బొమ్మలను కర్తల అనుమతి లేకుండ సేకరించు పద్ధతికి ఇది ఒక ప్రత్యామ్నాయము. ఇందు తన బొమ్మ ఎందులకు వాడబడునో, దానికి ఎంత సొమ్ము ముట్టునో, హక్కులు ఎవరికి చెందునో చిత్రకారునికి పని మొదలగుటకు ముందే తెలియును. అయితే ఒక మోడల్‌కు మొదటినుండి కావలసిన బొమ్మలన్నిటిని ఈ విధముగా గీయించుట ఆచరణలో సాధ్యము కాదు. కావున ఈ పద్ధతి శిక్షణలో ఏ దశకు వర్తించునో గమనించవలసి యుండును.

నేపథ్యము

వాక్యము ఇచ్చినచో దానికి తగిన బొమ్మను తయారుచేయు మోడళ్ళు 2021, 2022 సంవత్సరములలో ప్రజలకు పరిచయమైనవి. ఓపెన్‌ఎఐ సంస్థ తన డాల్-ఇ మోడల్‌ను 2021 జనవరిలో ప్రకటించినది. మిడ్‌జర్నీ 2022 జులైలోను, స్టేబుల్ డిఫ్యూజన్ అదే సంవత్సరము ఆగస్టులోను అందరికి అందుబాటులోనికి వచ్చినవి. ఇట్టి మోడళ్ళు నేర్చుకొనుటకు అసంఖ్యాకములైన బొమ్మలు, ప్రతి బొమ్మకు తోడుగా దానిని వర్ణించు వాక్యము కావలెను.

జర్మనీకి చెందిన లయాన్ అను లాభాపేక్ష లేని సంస్థ 2022 మార్చిలో లయాన్-5బి అను సంకలనమును విడుదల చేసినది. ఇందు 585 కోట్ల బొమ్మల అంతర్జాల చిరునామాలు, వాటి వివరణ వాక్యములు కలవు. స్టేబుల్ డిఫ్యూజన్ ఈ సంకలనములోని భాగములపై శిక్షణ పొందినది. ఆ బొమ్మలను వేసిన వారిని గాని, ఛాయాచిత్రములు తీసిన వారిని గాని ముందుగా అడుగుట జరుగలేదు.

పోలెండు దేశపు చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరును వాక్యములో చేర్చి ఆయన శైలిలో బొమ్మలు చేయించుకొనుట 2022లో విస్తారముగా జరిగినది. 2023 జనవరిలో సారా ఆండర్సన్, కెల్లీ మెక్‌కెర్నన్, కార్లా ఆర్టిజ్ అను చిత్రకారులు అమెరికాలోని కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయస్థానములో స్టెబిలిటీ ఎఐ, మిడ్‌జర్నీ మొదలగు సంస్థలపై దావా వేసిరి. వారి కాపీహక్కు ఆరోపణలు విచారణకు అర్హములని 2024 ఆగస్టులో న్యాయమూర్తి అనుమతించెను. ఈ వివాదముల తరువాత, అనుమతితో చిత్రములను సేకరించు మార్గములపై చర్చ పెరిగినది.

సంఖ్యల సమస్య

చిత్రములు గీయించు పద్ధతికి మొదటి అవరోధము సంఖ్య. రోజుకు ఒక బొమ్మ చొప్పున 30 సంవత్సరములు విరామము లేకుండ గీసిన చిత్రకారుడు సుమారు 10,950 బొమ్మలు వేయగలడు. ఆ లెక్కన లయాన్-5బి అంతటి సంకలనమునకు 5 లక్షల 34 వేల మంది చిత్రకారుల జీవితకాలపు శ్రమ కావలెను. బొమ్మకు 100 రూపాయలు మాత్రమే ఇచ్చినను మొత్తము ఖర్చు 58,500 కోట్ల రూపాయలగును.

అంత పెద్ద సంకలనము తప్పనిసరి కాదని కొన్ని ప్రయోగములు చూపినవి. 2023లో వెలువడిన కామన్‌కాన్వాస్ మోడళ్ళు క్రియేటివ్ కామన్స్ అనుమతి గల సుమారు 7 కోట్ల బొమ్మలనుండి తయారైనవి. అయినను 7 కోట్లు కూడ గీయించదగిన సంఖ్య కాదు.

మూల శిక్షణ, ఉప శిక్షణ

మోడల్ తయారీలో రెండు దశలు కలవు. మొదటిది మూల శిక్షణ. ఇందు మోడల్ వెలుగు, నీడ, ఆకారము, వస్తువుల పేర్లు మొదలగు వానినన్నిటిని కోట్ల కొలది బొమ్మలనుండి నేర్చుకొనును. రెండవది ఉప శిక్షణ. ఇందు అప్పటికే సిద్ధమైన మోడల్‌కు ఒక ప్రత్యేక శైలిని గాని, ఒక పాత్రను గాని, ఒక వస్తువును గాని నేర్పుదురు.

ఉప శిక్షణకు కొద్ది బొమ్మలు చాలును. గూగుల్, బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించిన డ్రీమ్‌బూత్ పద్ధతిలో 3 నుండి 5 బొమ్మలతో ఒక వస్తువును నేర్పవచ్చును. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు భాషా మోడళ్ళకై రూపొందించిన లోరా పద్ధతి తరువాత బొమ్మల మోడళ్ళకు కూడ వ్యాపించినది. మోడల్ మొత్తమును మార్చకుండ చిన్న అదనపు భాగమునకు మాత్రమే శిక్షణ ఇచ్చుట దీని ప్రత్యేకత. కొన్ని పదుల బొమ్మలతో శైలిని నేర్పుటకు ఇది అనుకూలము.

కావున చిత్రకారునిచే గీయించిన బొమ్మలు సాధారణముగా ఉప శిక్షణకే ఉపయోగపడును. చిత్రకారుని సమ్మతి పై పొరకు మాత్రమే లభించును. దాని క్రింద నున్న మూల మోడల్ అనుమతి లేని బొమ్మలతో తయారైనదైతే, ఆ లోపము పై పొరకు చెల్లించిన పారితోషికముతో తీరదు. ఒక సంస్థ తన మోడల్ చిత్రకారుల సమ్మతితో తయారైనదని చెప్పినప్పుడు, ఆ మాట ఏ దశకు సంబంధించినదో విచారించుట అవసరము.

ఇట్లు గీయించిన బొమ్మలకు మరియొక ఉపయోగము పరీక్ష. అంతర్జాలములో ఎక్కడను లేని బొమ్మ మోడల్‌కు ముందుగా తెలిసి యుండదు కనుక, దానితో మోడల్ సామర్థ్యమును నిజముగా కొలువవచ్చును.

పని జరుగు విధానము

సాధారణముగా పని ఈ క్రింది అంశములతో కూడి యుండును.

* పని వివరము: ఎన్ని బొమ్మలు, ఏ విషయములు, ఏ శైలి, ఏ కొలత, ఎంత గడువు అనునవి వ్రాతపూర్వకముగా నిర్ణయింపబడును. శిక్షణకు ఒకే అందమైన బొమ్మ కంటె భిన్న కోణములలో, భిన్న వెలుగులలో వేసిన అనేక బొమ్మలు ఎక్కువ ఉపయోగకరము.
* వివరణ వాక్యములు: ప్రతి బొమ్మలో ఏమున్నదో తెలుపు వాక్యము కావలెను. దీనిని చిత్రకారుడే వ్రాసినచో అది వేరు శ్రమ కనుక వేరు పారితోషికము అడుగుట న్యాయము.
* స్వయంకృతమను హామీ: బొమ్మ యంత్రముచే చేయబడినది కాదని నిరూపించుటకు చిత్తుప్రతులు, పొరలతో కూడిన మూల ఫైళ్ళు కోరబడవచ్చును. మోడళ్ళు తయారుచేసిన సమాచారముతోనే మరల మరల శిక్షణ ఇచ్చినచో మోడల్ నాణ్యత క్షీణించునని 2024లో నేచర్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన చూపినది. మనుష్యుని చేతి పనికి విలువ ఉండుటకు ఇది ఒక కారణము.

ఒప్పందములోని ముఖ్యాంశములు

పుస్తకమునకు ముఖచిత్రము వేయుటకును, శిక్షణకు బొమ్మ వేయుటకును గొప్ప భేదము కలదు. ముఖచిత్రము ఆ పుస్తకము వరకే పనిచేయును. శిక్షణకు ఇచ్చిన బొమ్మ, ముందు ముందు ఆ చిత్రకారునికే రావలసిన పనిని చేయగల యంత్రమునకు పాఠమగును. పైగా శిక్షణ ముగిసిన తరువాత ఒక బొమ్మ ప్రభావమును మాత్రమే మోడల్ నుండి తొలగించుట మిక్కిలి కష్టము. ఫైలును తుడిచివేసినను మోడల్ నేర్చినది నిలిచియే యుండును. అందువలన షరతులన్నియు పనికి ముందే వ్రాసికొనవలెను. ముఖ్యమైనవి:

* కాపీహక్కు పూర్తిగా బదిలీ యగునా, లేక శిక్షణకు మాత్రమే అనుమతియా
* ఒక మోడల్‌కేనా, తరువాత వచ్చు మోడళ్ళకు కూడనా
* బొమ్మలను మూడవ సంస్థకు అమ్మవచ్చునా
* చిత్రకారుని పేరును వాక్యములో వాడి అతని శైలిని రప్పించుట అనుమతింపబడునా
* ఒకేసారి సొమ్మా, వాడుకను బట్టి రాయల్టీ కూడనా
* చిత్రకారుడు అవే బొమ్మలను ప్రదర్శించుకొనవచ్చునా

చట్టము

భారతదేశము

భారత కాపీహక్కు చట్టము, 1957 లోని 17వ విభాగము ప్రకారము కృతికి తొలి హక్కుదారు దాని కర్త. కాని ఇదే విభాగములోని ఒక మినహాయింపు ప్రకారము, ఒకరి కోరికపై ప్రతిఫలము తీసికొని వేసిన వర్ణచిత్రమునకు గాని, రూపచిత్రమునకు గాని, తీసిన ఛాయాచిత్రమునకు గాని, వేరు ఒప్పందము లేనిచో, పని చెప్పినవారే తొలి హక్కుదారులగుదురు. అనగా శిక్షణకై వర్ణచిత్రము వేసి ఇచ్చిన భారతీయ చిత్రకారుడు మౌనముగా నున్నచో హక్కును కోల్పోవు ప్రమాదము కలదు. హక్కు తనకే ఉండవలెనన్న ఆ మాటను ఒప్పందములో వ్రాయించుకొనవలెను.

చిత్రకారునికి రక్షణలు కూడ కలవు. 19వ విభాగము ప్రకారము హక్కు బదిలీ సంతకముతో కూడిన వ్రాతలో ఉండవలెను. కాలపరిమితి తెలుపనిచో అది 5 సంవత్సరములుగా పరిగణింపబడును. 2012 సవరణతో 18వ విభాగములో చేరిన నియమము ప్రకారము, బదిలీ నాటికి లేని మాధ్యమమునకు గాని వినియోగ విధానమునకు గాని, ఒప్పందములో ప్రత్యేకముగా పేర్కొననిదే, ఆ బదిలీ వర్తించదు. పూర్వము పత్రికలకు, ప్రచురణకర్తలకు ఇచ్చిన బొమ్మలు శిక్షణకు చెల్లవని వాదించుటకు ఈ నియమము ఆధారము కాగలదు. 57వ విభాగము ప్రకారము కర్తగా పేరు చెప్పుకొను హక్కు కాపీహక్కును బదిలీ చేసిన తరువాత కూడ నిలిచి యుండును.

శైలికి మాత్రము కాపీహక్కు లేదు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రములకు, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కలదు. అది ఆ పేరును ఇతరుల సరుకులపై వాడుటను నిరోధించును గాని, ఆ శైలిని మోడల్ నేర్చుకొనుటను స్వయముగా నిరోధించదు. ఇట్టి కళలలో చిత్రకారునికి, అతని కుటుంబమునకు ఒప్పందమే ప్రధాన రక్షణ.

కేంద్ర ప్రభుత్వపు పరిశ్రమల ప్రోత్సాహక, అంతర్గత వాణిజ్య విభాగము నియమించిన సంఘము 2025 డిసెంబరులో వెలువరించిన పత్రములో, శిక్షణకు తప్పనిసరి అనుమతి, అందుకు ప్రతిగా హక్కుదారులకు రాయల్టీ అను విధానమును ప్రతిపాదించినది.

అమెరికా

అమెరికాలో పరిస్థితి దీనికి విరుద్ధము. 1976 నాటి చట్టము ప్రకారము స్వతంత్ర చిత్రకారుడు వేసిన బొమ్మ హక్కు సాధారణముగా అతనిదే. చట్టము పేర్కొన్న 9 రకముల పనులలో ఒకటియై, వ్రాతపూర్వక ఒప్పందము కూడ ఉన్నప్పుడు మాత్రమే పని చెప్పినవారు కర్తలుగా పరిగణింపబడుదురు. జేమ్స్ ఎర్ల్ రీడ్ అను శిల్పికి సంబంధించిన వ్యాజ్యములో 1989లో సుప్రీంకోర్టు, అతడు ఉద్యోగి కాడనియు, స్వతంత్రముగా పని చేసినవాడనియు తీర్పు చెప్పినది.

సమీప ఉదాహరణలు

షటర్‌స్టాక్, అడోబీ సంస్థలు తమవద్ద నున్న బొమ్మలను శిక్షణకు వాడి, వాటిని సమర్పించిన వారికి కొంత సొమ్ము పంచినవి. అడోబీ తన ఫైర్‌ఫ్లై మోడల్‌ను 2023 మార్చిలో విడుదల చేసి, అదే సంవత్సరము సెప్టెంబరులో చెల్లింపులు చేసినది. ఇది పాత బొమ్మల వినియోగమే గాని కొత్తగా గీయించుట కాదు. 2024లో అడోబీ శిక్షణకై మనుష్యుల దైనందిన చర్యల వీడియోలను తీయించి, నిమిషమునకు సగటున సుమారు 2.62 డాలర్లు ఇచ్చుచున్నదని బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థ తెలిపినది.

ఛాయాచిత్రములలో సోనీ ఎఐ 2025లో ప్రకటించిన ఫీబీ సంకలనము చెప్పుకోదగినది. ఇందు 81 దేశములు, ప్రాంతములకు చెందిన 1,981 మంది సమ్మతితో, ప్రతిఫలము చెల్లించి సేకరించిన 10,318 చిత్రములు కలవు. ఇది శిక్షణకు కాక, మోడళ్ళలో పక్షపాతమును పరీక్షించుటకు ఉద్దేశింపబడినది.

అనుకూల, ప్రతికూల వాదములు

సమ్మతి స్పష్టముగా నుండుట, చిత్రకారునికి ఆదాయము లభించుట, అంతర్జాలములో అరుదుగా కనిపించు ప్రాంతీయ వేషధారణ, పనిముట్లు, పండుగలు మోడళ్ళలో సరిగా చోటు చేసికొనుట ఈ పద్ధతికి అనుకూలముగా చెప్పు కారణములు.

ఒకసారి చెల్లించు సొమ్ము ఎన్నడును ఆగని వినియోగమునకు సరిపోదనియు, అవసరములో నున్న చిత్రకారుడు తక్కువ ధరకు ఒప్పుకొనవలసి వచ్చుననియు, ఒక సంప్రదాయ శైలిలో ఒకరు ఇచ్చిన సమ్మతి ఆ శైలిపై బ్రతుకు మిగిలిన వారందరిని బాధించుననియు విమర్శలు కలవు. వీనిలో చివరిదానికి ఇద్దరి మధ్య జరుగు ఒప్పందములో పరిష్కారము లేదు. సంఘముగా ఏర్పడి ధరలను, షరతులను నిర్ణయించుకొనుట ఒక మార్గముగా సూచింపబడుచున్నది.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ మేధ
* కాపీహక్కు
* భౌగోళిక గుర్తింపు
* చేర్యాల నకాషీ చిత్రకళ
* కలంకారీ