తొలి మంచు చరియలు

కొండవాలుపై పేరుకొన్న మంచు ఒక్కసారిగా విడివడి క్రిందికి జారిపడుటను మంచు చరియ లేదా హిమసంపాతము అంటారు. ఆంగ్లములో దీనిని అవలాంచి అంటారు. హిమాలయాలలో అక్టోబరు, నవంబరు నెలలలో పడే తొలి మంచు పలుచగా, ప్రమాదరహితముగా కనిపిస్తుంది. కాని తరువాత విరిగిపడే అనేక చరియలకు అదే బలహీనమైన పునాది.

పంచదార పొర

మంచు క్రింది నేల సుమారు 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. రాత్రి మంచు ఉపరితలము మైనస్ 10 డిగ్రీలకు చేరినదనుకొందాము. మంచు మందము 30 సెంటీమీటర్లే అయితే ఆ తేడా మీటరుకు 33 డిగ్రీల చొప్పున అవుతుంది. 2 మీటర్లయితే 5 డిగ్రీలే. ఈ తేడా మీటరుకు సుమారు 10 డిగ్రీలు మించినపుడు నీటిఆవిరి క్రింది నుండి పైకి వేగముగా కదలి, మంచు రేణువులను కోణాలు తేలిన పలుకులుగా మారుస్తుంది. ఇవి పంచదార వలె విడివిడిగా ఉంటాయి, గుప్పిట పట్టినా ముద్ద కట్టవు. ఎండ సోకని ఉత్తరపు వాలులలో తొలి మంచు కరగక నిలుస్తుంది గనుక ఈ పొర అక్కడే ఎక్కువ. దీనిపై కొత్త మంచు, గాలి మోసుకొచ్చిన మంచు గట్టి పలకగా ఏర్పడినపుడు ఒక మనిషి బరువుకే పొర కూలి పలక మొత్తము జారవచ్చు.

చరియలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులలో జారుతాయి. సినిమాలలో చూపునట్లు కేక వేసినంత మాత్రాన విరిగిపడవు. కాలి క్రింద మంచు ధబ్బుమని కుంగుట, పగుళ్ళు సాగుట నిజమైన హెచ్చరికలు. మంచు పలుచగా ఉన్నపుడు చిన్న చరియ కూడా మనిషిని బండలపైకి ఈడ్చుకుపోగలదు.

ప్రమాదాలు

2022 అక్టోబరు 4న, చలికాలము ఇంకా రాకమునుపే, ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరము వద్ద నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందముపై చరియ విరిగిపడినది. 27 మృతదేహాలు లభించాయి. మృతులలో శిక్షకురాలు సవితా కంస్వాల్ ఒకరు. ఆమె అదే ఏడాది మే నెలలో ఎవరెస్టును, మకాలును అధిరోహించినది.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ స్థావరముపై జరిగిన ప్రమాదము వేరు తరహాది. అక్కడ కూలినది మంచుగడ్డ గోడ. మద్రాసు రెజిమెంటుకు చెందిన 10 మంది సైనికులు దాని క్రింద చిక్కుకొని మరణించారు. వారిలో కర్నూలు జిల్లా పార్నపల్లె (ప్రస్తుతము నంద్యాల జిల్లా) వాసి సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నారు. లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తరువాత సజీవముగా దొరికి, ఫిబ్రవరి 11న కన్నుమూసెను. ఇది అరుదైన సంగతి. మంచులో పూడినవారిని మొదటి 10 నిమిషాలలో వెలికితీసినపుడు ఎక్కువమంది బ్రతుకుతారు, అరగంట దాటితే ఊపిరాడక అత్యధికులు మరణిస్తారు. అందుచేత పర్వతారోహకులు సంకేత పరికరము, పొడవైన శోధన కడ్డీ, పార వెంట ఉంచుకొంటారు.