ఇక నయం కాదన్నారా? నొప్పికి వైద్యం ఆగదు

అమ్మకో నాన్నకో జబ్బు ముదిరి, డాక్టరు ‘ఇక నయం కాదు’ అన్నంత మాత్రాన ఆసుపత్రి పని అయిపోయినట్టు కాదు. నొప్పి, ఆయాసం తగ్గించి మనిషిని తేలికపరిచే సేవ ఉంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. అప్పు చేసి ఇంకో ఆసుపత్రికి తిప్పే ముందు దాని గురించి అడగండి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీయే ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. గుంటూరు జీజీహెచ్‌కి వెళ్లినా, ఒంగోలు రిమ్స్‌కి వెళ్లినా కార్డు, ఆధార్ పట్టుకుని ముందు వైద్యమిత్రను కలవండి. పథకం కింద ఏవి వస్తాయో వాళ్లు చూసి చెబుతారు. అనుమానముంటే 104కి ఫోన్ చేయండి.

క్యాన్సర్ నొప్పి బాగా ఎక్కువైతే మార్ఫిన్ రాస్తారు. పేరు విని భయపడొద్దు. డాక్టరు చెప్పిన లెక్కలో, నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు ఇవ్వాలి.

వార్డులో సిస్టర్ చేసే పనులు చూసి నేర్చుకోండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే వీపు పుండ్లు పడదు. పెదాలు తడి దూదితో తుడవాలి. మింగలేని మనిషికి జావ బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిండి పెట్టలేదని చుట్టాలు అంటారు, అననివ్వండి. చివరి రోజుల్లో ఆకలి చచ్చిపోవడం మామూలే. పలకకపోయినా వినపడుతుండొచ్చు, మాట్లాడుతూ ఉండండి.

మిరప కోతలప్పుడు కూలి పోతుందని అందరూ పొలానికెళ్తే, మంచం దగ్గర ఒక్కరే మిగులుతారు. వంతులేసుకోండి.

ఇంట్లోనే పోవాలని పెద్దాయన కోరితే డాక్టరుకు ముందే చెప్పి నొప్పి మందులు ఇంటికి రాయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలోనే పోతే, మహాప్రస్థానం వాహనం కోసం డ్యూటీ సిస్టర్‌ని అడగండి. అది ఉచితం, డ్రైవరుకు ఏమీ ఇవ్వక్కర్లేదు.