రెటికిల్ (రైఫిల్ స్కోపు)

రెటికిల్ అనగా దూరదర్శినిలో చూచినపుడు దృశ్యంపై కనిపించే సన్నని గీతలు, చుక్కలు లేదా గడుల అమరిక. లాటిన్ మూలపదానికి "చిన్న వల" అని అర్థం. ఖగోళ దూరదర్శినులు, సర్వే పనులలో వాడే థియోడొలైట్లు, కొన్ని బైనాక్యులర్లు, రైఫిల్ స్కోపులలో రెటికిల్ ఉంటుంది. రైఫిల్ స్కోపులో ఇది గురిని చూపడమే కాక దూరాన్ని అంచనా వేయడానికి, తూటా కిందకు జారే మేరను, గాలికి పక్కకు జరిగే మేరను సరిచేయడానికి కూడా ఉపయోగపడుతుంది. సుదూర వేటలో ఈ కొలత తప్పితే జంతువు గాయపడి తప్పించుకుపోయి, బాధతో మరణించే ప్రమాదం ఉంది. అందుచేత వేట చట్టబద్ధమైన దేశాలలో రెటికిల్ ఎంపికకు ప్రాధాన్యత ఉంది. భారతదేశంలో వేట నిషిద్ధం.

చరిత్ర

1611లో జొహానెస్ కెప్లర్ వర్ణించిన దూరదర్శినిలో రెండు కుంభాకార కటకాలు ఉంటాయి. వస్తు కటకం ఏర్పరచే ప్రతిబింబం గొట్టం లోపలే ఏర్పడుతుంది. ఆ తలంలో ఒక దారాన్ని ఉంచితే దారము, ప్రతిబింబము రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. గెలీలియో దూరదర్శినిలో ఈ సౌలభ్యం లేదు. 1640 ప్రాంతంలో ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం గాస్కోయిన్ తన పరికరంలో పడిన సాలీడు దారం ద్వారా ఈ సంగతి గమనించాడని చెబుతారు. తరువాతి కాలంలో సాలీడు దారాలు, సన్నని లోహపు తీగలు వాడారు. నేటి స్కోపులలో చాలావరకు గాజు పలకపై చెక్కిన గీతలు ఉంటాయి.

కొలత విధానం

రెటికిల్ కొలిచేది కోణాన్ని. ఇందుకు రెండు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి.

మిల్: రేడియన్‌లో వెయ్యవ వంతు. ఇది 100 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లకు, 1000 మీటర్ల దూరంలో 1 మీటరుకు సమానం.

నిమిషం: డిగ్రీలో 60వ వంతు. ఇది 100 మీటర్ల దూరంలో సుమారు 2.9 సెంటీమీటర్లు.

వస్తువు ఎత్తు తెలిస్తే దూరం లెక్కించవచ్చును. ఎత్తును మీటర్లలో తీసుకొని, 1000తో గుణించి, రెటికిల్‌పై కనిపించిన మిల్లుల సంఖ్యతో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 1 మీటరు ఎత్తున్న వస్తువు 5 మిల్లులు ఆక్రమిస్తే అది 200 మీటర్ల దూరంలో ఉన్నట్లు. థియోడొలైటులోని స్టేడియా గీతలతో సర్వేయర్లు దూరం కనుగొనేది కూడా ఈ సూత్రం మీదనే. అయితే సర్వేయరు చేతిలోని కొలబద్ద పొడవు ఖచ్చితమైనది. జంతువు ఎత్తు అంచనా మాత్రమే. ఎత్తులో 10 శాతం పొరపాటు జరిగితే దూరంలోనూ 10 శాతం పొరపాటు వస్తుంది. 400 మీటర్ల వద్ద ఇది 40 మీటర్లు. అందువలన లేజరు దూరమాపకం వాడడం మేలు.

తూటా సగటు వేగం సెకనుకు 800 మీటర్లనుకొంటే 400 మీటర్లు చేరడానికి అర సెకను పడుతుంది. ఆ వ్యవధిలో గురుత్వాకర్షణ వలన అది గొట్టం చూపే రేఖ నుండి సుమారు 1.2 మీటర్లు, అనగా 3 మిల్లులు, కిందకు జారుతుంది.

రకాలు

సాధారణ అడ్డగీత, నిలువుగీత: అన్నిటికంటే సరళమైనది. కొలతకు ఉపయోగపడదు.

డ్యూప్లెక్స్: అంచులలో లావుగా, మధ్యలో సన్నగా ఉండే గీతలు. లూపోల్డ్ సంస్థ 1962లో ప్రవేశపెట్టింది.

జర్మన్ 4వ నంబరు: ఎడమ, కుడి, కింది వైపుల లావు గీతలు ఉంటాయి. మసక వెలుతురులో చూపును త్వరగా మధ్యకు చేరుస్తుంది.

మిల్ చుక్కలు: సమాన దూరాలలో చుక్కలు ఉంటాయి. అమెరికా మెరైన్ దళం ద్వారా 1970ల చివర ప్రాచుర్యంలోకి వచ్చింది.

తూటా పతన గుర్తులు: నిర్దిష్ట దూరాలకు ముందే లెక్కించిన గుర్తులు. తూటా, దాని వేగం, వాతావరణం మారితే ఈ గుర్తులు సరిపోవు.

చెట్టు ఆకారం: కిందికి వెడల్పయ్యే గడులు. పతనాన్ని, గాలిని కలిపి సరిచేయవచ్చును గాని దృశ్యం కిక్కిరిసి కనిపిస్తుంది.

నాభి తలం

తలక్రిందులైన ప్రతిబింబాన్ని సరిచేసే కటకాలు రైఫిల్ స్కోపులో ఉంటాయి. వాటికి ముందు ఒకటి, తరువాత ఒకటి చొప్పున రెండు నాభి తలాలు ఏర్పడతాయి. ప్రథమ తలంలో రెటికిల్ ఉంటే ఆవర్ధనంతో పాటు గీతలు కూడా పెరుగుతాయి, తగ్గుతాయి. కొలత ఎప్పుడూ సరిగానే ఉంటుంది. కాని తక్కువ ఆవర్ధనంలో గీతలు కనిపించనంత సన్నబడవచ్చును. ద్వితీయ తలంలో ఉంటే గీతల పరిమాణం మారదు. కొలత మాత్రం తయారీదారు సూచించిన ఒక్క ఆవర్ధనం వద్దనే సరిపోతుంది.

ఉదాహరణకు 18 రెట్ల వద్ద సరిపోయే ద్వితీయ తల రెటికిల్‌ను 9 రెట్ల వద్ద వాడితే ఒక్కొక్క గడి 1 మిల్ బదులు 2 మిల్లులకు సమానమవుతుంది. 200 మీటర్ల దూరంలోని 1 మీటరు వస్తువు రెండున్నర గడులు మాత్రమే ఆక్రమిస్తుంది. ఇది గమనించని వ్యక్తి దూరం 400 మీటర్లని లెక్కిస్తాడు.

ఎంపికలో గమనించవలసినవి

ఉదయ, సాయం సంధ్యలలో సన్నని గీతలు చీకటి నేపథ్యంలో కలిసిపోతాయి. అపుడు లావు అంచులు గాని, వెలిగే మధ్యచుక్క గాని అవసరం. గీత మరీ లావుగా ఉన్నా ఇబ్బందే: 0.05 మిల్ మందం గల గీత 400 మీటర్ల వద్ద 2 సెంటీమీటర్లను కప్పివేస్తుంది. గురిని సరిచేసే మీటలు, రెటికిల్ ఒకే ప్రమాణంలో ఉండాలి. ఒకటి మిల్, ఒకటి నిమిషం అయితే తొందరలో లెక్క తప్పుతుంది. సుమారు 200 మీటర్ల లోపు దూరాలకు సాధారణ డ్యూప్లెక్స్ సరిపోతుంది. ఆవర్ధనం మారుస్తూ దూరం కొలవదలచినవారికి ప్రథమ తల రెటికిల్ అనుకూలం. ఏ రెటికిల్ అయినా దూరం, గాలి తెలియని లోటును పూరించలేదు.

భారతదేశంలో

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల విధానం కూడా రద్దయింది. మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమైన జంతువు విషయంలో మాత్రం 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఇవ్వవచ్చును. మొదటి షెడ్యూలు జంతువైతే పట్టడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కానపుడే చంపడానికి అనుమతి ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు జీడి, కొబ్బరి తోటలలో ఎలుగుబంట్ల సంచారం ఉంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగుబంటి దాడులలో ఒకరు మరణించగా పలువురు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకొన్న ఆ ఎలుగుబంటి తరలింపు సమయంలో మరణించింది. మత్తు సూది తూటా కంటే చాలా నెమ్మదిగా పోతుంది, త్వరగా కిందకు జారుతుంది. కనుక రైఫిల్ తూటాకు లెక్కించిన గుర్తులు దానికి పనికిరావు. ఆ తుపాకీకి, ఆ సూదికి విడిగా గురి సరిచూసుకోవాలి.

కొలత పరికరంగా రెటికిల్ పక్షుల పరిశీలనకూ ఉపయోగపడుతుంది. టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి; సంతబొమ్మాళి మండలంలోని నౌపడ చిత్తడి నేలలలో మేత వెతుక్కుంటాయి. నిలుచున్న ఎర్రకాళ్ళ కొంగ ఎత్తు సుమారు 1 మీటరు. మిల్ గుర్తులున్న బైనాక్యులర్లలో అది 4 మిల్లులు ఆక్రమిస్తే దూరం సుమారు 250 మీటర్లు. పక్షులను బెదరించకుండా ఎంత దూరంలో ఆగాలో దీనితో తెలుసుకోవచ్చును.

ఇవి కూడా చూడండి

దూరదర్శిని
రేడియన్
తేలినీలాపురం
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972