రెండేళ్ల చదువు సరే, మూడో ఏటికి దారేది?

అమెరికాలో హైస్కూలు ముగించిన పిల్లలు డిగ్రీ అందుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. నేరుగా యూనివర్సిటీలో మొదటి సంవత్సరంలో చేరవచ్చు. లేదంటే ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ట్రాన్స్‌ఫర్ మీద యూనివర్సిటీలో మూడో సంవత్సరంలో చేరవచ్చు. రెండో దారిలో ఖర్చు చాలా తక్కువ. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రవాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు (క్రెడిట్‌కు) 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 యూనిట్లకు మొత్తం 2,760 డాలర్లవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఒక్క ఏడాది ఫీజే 14 వేల డాలర్లు దాటుతుంది.

చవకైన చదువు కదా, అక్కడ చదివినవాళ్లు యూనివర్సిటీలో నిలదొక్కుకోగలరా? కాలిఫోర్నియాలోని క్యూపర్టినో, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులకూ ఈ సందేహం ఉంది. తెలిసిన వివరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కాలేజీలు పాఠం చెప్పడంలో మరీ వెనకబడి లేవు. పిల్లల్ని వెనక్కి లాగుతున్నది ఒక చదువుకూ మరో చదువుకూ మధ్య దారి సరిగా లేకపోవడం.

ఆలోచన పాతదే

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో ఆరుగురు విద్యార్థులతో ఒక జూనియర్ కాలేజీ మొదలైంది. నేటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అదే పాతది. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, స్థానిక హైస్కూలు అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి దానికి రూపమిచ్చారు. ఊరు విడిచి వెళ్లలేని పిల్లలు డిగ్రీలోని మొదటి రెండేళ్లు సొంతూళ్లోనే చదువుకోవాలన్నది వారి ఉద్దేశం. అంటే ఈ కాలేజీలు పుట్టిందే ట్రాన్స్‌ఫర్ కోసం.

కాలిఫోర్నియా 1960లో తన మాస్టర్ ప్లాన్‌తో దీన్ని రాష్ట్ర విధానంగా మార్చింది. హైస్కూలు విద్యార్థుల్లో ముందువరసలోని ఎనిమిదో వంతు మందికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, మూడో వంతు మందికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ అని పంచింది. కమ్యూనిటీ కాలేజీలో బాగా చదివినవారికి పై రెండింటి తలుపులూ తెరిచి ఉండాలని కూడా చెప్పింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి.

అంకెలు చెప్పేదేమిటి?

దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో సుమారు 80 శాతం మంది ఎప్పటికైనా డిగ్రీ చేయాలనే అనుకుంటారు. కొలంబియా యూనివర్సిటీలోని కమ్యూనిటీ కాలేజ్ రిసెర్చ్ సెంటర్, మరికొన్ని సంస్థలు కలిసి 2024లో వెలువరించిన లెక్కల్లో, ఆరేళ్లలో ట్రాన్స్‌ఫర్ అయినవారు సుమారు 33 శాతమే. వారిలో కూడా ఆ ఆరేళ్లలోపు డిగ్రీ అందుకున్నది సగం కన్నా తక్కువ. మొత్తం మీద చేరిన వందమందిలో డిగ్రీ చేతికొచ్చినవారు దాదాపు 16 మంది. కాలిఫోర్నియా స్టేట్ ఆడిటర్ 2024లో ఇచ్చిన నివేదికలోనూ ఇలాంటి పరిస్థితే కనబడింది. ట్రాన్స్‌ఫర్ కోరుకున్నవారిలో నాలుగేళ్లలోపు మారగలిగింది ఐదుగురిలో ఒకరు.

ఈ అంకెలు చూసి కాలేజీల్లో చదువే లేదనుకోవడం తొందరపాటు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారినవారిలో 80 శాతానికి పైగా నాలుగేళ్లలోపు డిగ్రీ పూర్తి చేస్తున్నారు. మొదటి సంవత్సరం నుంచీ అక్కడే చదివినవారికి వీరు దాదాపు సమానంగా నిలుస్తున్నారు. ఎన్నో అడ్డంకులు దాటి వచ్చిన పట్టుదల గల పిల్లలు కాబట్టి వారి ఫలితాలు బాగుంటాయన్న మాటా నిజమే. అయినా కింద నేర్చుకున్న కాల్క్యులస్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ గట్టిగా లేకపోతే ఎంత పట్టుదల ఉన్నా పై తరగతుల్లో నెట్టుకురావడం కష్టం.

జారిపోయేది ఎక్కడ?

మొదటి చిక్కు తొలి టర్మ్‌లోనే ఎదురయ్యేది. చాలాకాలం పాటు కాలేజీలు ఒక పరీక్ష పెట్టి, అందులో తగ్గినవారిని క్రెడిట్ లేని పునాది తరగతుల్లో కూర్చోబెట్టేవి. డిగ్రీకి పనికొచ్చే గణితం చేరేలోపే రెండు మూడు సెమిస్టర్లు గడిచిపోయేవి. ఆలోపే చాలామంది చదువు మానేసేవారు. కాలిఫోర్నియా 2017లో చేసిన ఏబీ 705 చట్టం హైస్కూలు మార్కులను బట్టి నేరుగా డిగ్రీ స్థాయి గణితం, ఇంగ్లిష్ తీసుకునే వీలు కల్పించింది. అప్పటి నుంచి మొదటి ఏడాదిలోనే ఆ కోర్సులు దాటేవారు బాగా పెరిగారు. బలహీనంగా ఉన్నవారికి తరగతితో పాటే అదనపు సాయం అందితేనే ఈ మార్పు పూర్తిగా ఫలిస్తుంది.

రెండోది, అన్నిటికన్నా పెద్దది, క్రెడిట్ల చిక్కు. యూనివర్సిటీ ఒక కోర్సును అంగీకరించినంత మాత్రాన అది మేజర్‌కు, అంటే ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టుకు, పనికొస్తుందని కాదు. దాన్ని ఎలక్టివ్ క్రెడిట్ల కింద జమ చేసుకుని, మేజర్‌లో మళ్లీ వేరే కోర్సు చదవమనవచ్చు. దేశం మొత్తం మీద ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకుంటున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో అంచనా వేసింది.

ఇంజనీరింగ్ చేయాలనుకునే విద్యార్థి సంగతి చూద్దాం. రెండేళ్లూ శ్రద్ధగా చరిత్ర, సాహిత్యం, ఆర్థికశాస్త్రం లాంటి సాధారణ కోర్సులన్నీ పూర్తిచేశాడు. 60 యూనిట్లు నిండాయి, జీపీఏ కూడా బాగుంది. కానీ ఇంజనీరింగ్‌లో మూడో ఏడాదికి కాల్క్యులస్ వరుస మొత్తం, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఫిజిక్స్ కావాలి. వీటిలో చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సినవి, అన్నీ ఒకే టర్మ్‌లో కలిపి తీసుకోవడం కుదరదు. మొదటి టర్మ్‌లోనే గణితం మొదలుపెట్టకపోతే మరో ఏడాది పడుతుంది. ఆ అబ్బాయికి తెలివి తక్కువ కాదు, కష్టపడలేదనీ కాదు. ఏది ముందు తీసుకోవాలో సమయానికి చెప్పే మనిషి లేడు. ఒక్కో కౌన్సెలర్ వందలమందిని చూడాల్సిన చోట ఇలాంటి విద్యార్థులు కళ్లపడరు.

మూడోది, మారిన తొలినాళ్ల తడబాటు. కొత్త యూనివర్సిటీలో మొదటి టర్మ్ జీపీఏ పడిపోవడాన్ని జాన్ హిల్స్ అనే పరిశోధకుడు 1965లోనే ట్రాన్స్‌ఫర్ షాక్ అన్నాడు. ముప్పై నలభై మంది ఉండే తరగతి నుంచి వందలమంది కూర్చునే లెక్చర్ హాలుకు వస్తారు. సెమిస్టర్ పద్ధతి నుంచి వచ్చినవారికి పది వారాల క్వార్టర్‌లో మూడో వారానికే మిడ్‌టర్మ్ మీద పడవచ్చు. తోటివారికి అప్పటికే రెండేళ్ల స్నేహాలూ, ప్రొఫెసర్ల పరిచయాలూ ఉంటాయి. చాలామంది ఒకటి రెండు టర్ములలో తేరుకుంటారు. ఆలోపు ధైర్యం చెప్పి పట్టుకునేవారు అవసరం.

దారి వేసినచోట

ఈ చిక్కులకు విరుగుడు ఉంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీలన్నిటా కోర్సులకు ఒకే నంబర్ల పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కింద చదివిన కోర్సును పైన గుర్తించడంలో తగాదా తక్కువ. ఓర్లాండోలోని వలెన్సియా కాలేజీ 2006లో యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడాతో ఒప్పందం చేసుకుంది. వలెన్సియాలో రెండేళ్ల డిగ్రీ పూర్తిచేస్తే ఆ యూనివర్సిటీలో ప్రవేశం ఖాయం. కమ్యూనిటీ కాలేజీలకిచ్చే ఆస్పెన్ ప్రైజ్‌ను 2011లో మొట్టమొదట గెలిచింది వలెన్సియాయే.

కాలిఫోర్నియా కూడా 2010లో ఒక చట్టం చేసింది. నిర్దేశించిన 60 యూనిట్ల ట్రాన్స్‌ఫర్ డిగ్రీ పూర్తిచేసినవారికి స్టేట్ యూనివర్సిటీలో చోటు ఖాయం, మరో 60 యూనిట్లతో నాలుగేళ్ల డిగ్రీ పూర్తవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోనూ డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవారికి ప్రవేశ హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో క్యాంపస్‌లలో ఆ హామీ లేదు.

మన రాష్ట్రాల్లోనూ దీనికి దగ్గరి ఏర్పాటు ఒకటుంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఏ కోర్సు చెల్లుతుందన్న తగాదా ఇక్కడ తక్కువ, మొదటి ఏడాది మొత్తం మినహాయింపే. కానీ ఆ మొదటి ఏడాది గణితం చదవకుండానే వాళ్లు దానిపై కట్టిన పాఠాల్లోకి అడుగుపెడతారు. ల్యాబ్‌లో చెయ్యి తిరిగిన పిల్లలు సిద్ధాంతం దగ్గర తడబడేది అందుకే. అక్కడైనా ఇక్కడైనా రెండు చదువుల మధ్య ఖాళీని పూడ్చే బాధ్యత రెండువైపుల సంస్థలదీ.

చేరేముందే చూసుకోవలసినవి

వెళ్లాలనుకునే యూనివర్సిటీ, మేజర్ మొదటి ఏడాదిలోనే అనుకోవడం మేలు. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఏ కాలేజీ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి చెల్లుతుందో చూపిస్తుంది. ఒక క్యాంపస్ ఒప్పుకున్నది మరొకటి ఒప్పుకోకపోవచ్చు కాబట్టి రెండు మూడు చూసుకోవాలి. గణితం, సైన్సు వరుసలు మొదటి టర్మ్‌లోనే మొదలుపెట్టాలి. కౌన్సెలర్‌ను ప్రతి టర్మ్ కలిసి, వేసుకున్న ప్రణాళికను కాగితం మీద పెట్టుకోవాలి.

ఇంత జాగ్రత్త తెలిసిన తల్లిదండ్రులున్న పిల్లలే తీసుకోగలిగితే అది న్యాయం కాదు. ఇంట్లో తొలిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లకు ఇవేవీ చెప్పేవారుండరు. ఆ పిల్ల తానుగా వెతుక్కోనక్కర్లేకుండా, చేరిన రోజే మూడో ఏటి వరకూ దారి గీసి చేతికివ్వడం కాలేజీ పని. ఆ దారిన వచ్చిన క్రెడిట్లను మేజర్‌లో లెక్కలోకి తీసుకోవడం యూనివర్సిటీ పని. ఈ రెండూ జరిగినచోట కమ్యూనిటీ కాలేజీ చదువు ఎవరికీ తీసిపోదు.