ఫోను మనమున్న చోటు తప్పుగా ఎందుకు చూపిస్తుంది?



సంక్రాంతి సెలవుల్లో మా వదినకి నొప్పులొచ్చాయి. పాడేరు ఏజెన్సీలో కొండ కింద మా గూడెం. అంబులెన్సుకి ఫోన్ చేస్తే డ్రైవరన్న "లొకేషన్ పెట్టండి" అన్నాడు. మా అన్నయ్య రేకుల ఇంట్లో కూర్చునే వాట్సాప్‌లో పెట్టేశాడు. చుక్క గెడ్డకి అవతల పడింది. బండి అటే పోయింది! చుట్టు తిరిగి వచ్చేసరికి గంట దాటింది. వదిన, పాప క్షేమమే. కానీ ఆ గంట నేను మర్చిపోలేను. స్కూలుకి రాగానే సైన్సు మాస్టారిని అడిగాను. తెలుసుకున్నది రాస్తున్నాను.

కారణం ఏమిటి?

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. మన ఫోనుకి కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందాలి. సంకేతం రావడానికి పట్టిన కాలాన్ని బట్టి అది దూరం లెక్క కడుతుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పు వస్తుంది! సంకేతం చాలా బలహీనమైనది. ఇనుప రేకు దాన్ని ఆపేస్తుంది. కొండరాతికి తగిలి వస్తే దారి పొడవై లెక్క తప్పుతుంది. అసలు అందకపోతే ఫోను సెల్‌టవరును బట్టి ఊహిస్తుంది. మన కొండల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కదా, అందుకే తప్పు కిలోమీటర్లలో కూడా ఉండొచ్చు.

మ్యాపులో నీలి చుక్క చుట్టూ లేత నీలి వలయం కనిపిస్తుంది. మనం ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం. వలయం పెద్దదైతే చుక్కను నమ్మకూడదు.

ఏం చేయాలి?

1. ఆరుబయటికి రండి. గోడలకీ చెట్లకీ దూరంగా నిలబడి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. వలయం చిన్నదవుతుంది.

2. సెట్టింగుల్లో లొకేషన్ ఆన్‌లో ఉందా చూడండి. ఆ యాప్‌కి 'ప్రిసైజ్ లొకేషన్' కూడా ఆన్ చేయాలి. బ్యాటరీ సేవర్ ఉంటే తీసేయండి.

3. ఫోనును 8 అంకెలా తిప్పితే దిక్కు సరవుతుంది. చోటు మాత్రం సరికాదు.

4. వాట్సాప్‌లో పంపేముందు ఎన్ని మీటర్ల వరకు ఖచ్చితమో కింద అంకె ఉంటుంది. అది చదవండి. మాస్టారి ఫోనులో మేం చూశాం. గదిలో వందల్లో ఉన్న అంకె, గ్రౌండులోకి రాగానే పదిలోపు వచ్చింది.

5. నోటితో కూడా చెప్పండి: గెడ్డకి ఏ పక్క, ఏ బడి దగ్గర అని.

సెలవులకి వెళ్లినప్పుడు ఇంట్లో వాళ్లకి ఇది తప్పకుండా నేర్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి