వెలుగును చెవితో వినుట

వానకాలపు రాత్రులందు గద్వాల మొదలుకొని నాగర్‌కర్నూలు వఱకు గల మెట్టపొలములపై మెఱుపు మెఱయుటయు, పిమ్మట ఉరుము వినబడుటయు మన బాలబాలికలందఱు ఎఱిగినదే. మెఱుపు వేడిమిచే గాలి ఒక్కసారిగా వ్యాకోచించుటవలన ఉరుము పుట్టును. ఆ రెంటి నడుమ 3 సెకండ్లు గడచినచో పిడుగు సుమారు 1 కిలోమీటరు దూరమున పడినదని మేము తరగతిలో లెక్క చెప్పించుచుందుము. ఈ చిన్న లెక్కయే దేహములోని రోగమును వెదకుటకును ఉపకరించుచున్నది.

శరీరములోపలి భాగములను గుర్తించుటకై వైద్యులు కొన్ని ప్రకాశించు రంగులను రక్తములోనికి ఎక్కింతురు. ఇవి ఒక వన్నె వెలుగును గ్రహించి వేఱొక వన్నె వెలుగును వెడలించును. ఇండోసయనైన్ గ్రీన్ అట్టిది. అయితే ఒక చిక్కు కలదు. చీకటిలో టార్చిలైటుపై అరచేతిని ఉంచి చూడుడు: చేయి యెఱ్ఱగా వెలుగును గాని యెముకలు కనబడవు. మాంసములో వెలుగు పాలలోవలె చెదరిపోవును. కావున లోతున నున్న రంగు ఎచట నున్నదో కంటికి స్పష్టముగా తెలియదు.

ధ్వని అంతగా చెదరదు. అందుచే శాస్త్రజ్ఞులు వెలుగును పంపి ధ్వనిని విందురు. సెకండులో నూఱు కోట్లవ పాళ్లు కొన్ని మాత్రమే లేసరు వెలుగును ప్రసరింపజేయుదురు. రంగు తాను గ్రహించిన వెలుగులో కొంత తిరిగి విడుచును. మిగిలినది వేడిగా మాఱును. ఆ వేడికి చుట్టునున్న మాంసము రవంత వ్యాకోచించి, చెవికి వినరాని ధ్వనిని పుట్టించును. అదియే దేహములోని ఉరుము! చర్మముపై నుంచిన యంత్రము దానిని పట్టును. ధ్వని మాంసములో సెకండునకు సుమారు 1540 మీటర్లు పోవును గాన, 20 మైక్రోసెకండ్లకు చేరిన ధ్వని సుమారు 3 సెంటీమీటర్ల లోతునుండి వచ్చినదని తేలును.

వెలుగు ధ్వనిని పుట్టించునని 1880లో గ్రాహంబెల్ కనుగొనెను. ధ్వని వెలుగును వంచు విధమును 1935–36లో సి. వి. రామన్, నాగేంద్రనాథ్ వివరించిరి. ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతముగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ మార్గముననే స్ఫటికములను పరీక్షించి, పిమ్మట ఉస్మానియాకు వైస్ ఛాన్సలరైరి.

రొమ్ముగడ్డల పరీక్షకై ఇట్టి యంత్రమొకటి 2021లో అమెరికాలో అనుమతి పొందినది. అది రంగు ఎక్కింపకయే, రక్తము వెలుగును గ్రహించు తీరునుబట్టి పనిచేయును. కాని యంత్రమెంత గొప్పదైనను దాచిన గడ్డను చూడజాలదు. మన తల్లులు పెక్కండ్రు సిగ్గుచే చెప్పక, నొప్పి లేదుగదా యని ఊరకుందురు. ఆరంభమున నొప్పి లేకుండుటయే సామాన్యము. వనపర్తి పల్లెల బాలికలారా, ఈ పుటను ఇంట మీ అమ్మకు, నాయనమ్మకు చదివి వినిపింపుడు.