మూడో బిడ్డ పుడితే కార్పొరేటర్ పదవికి దూరం

1995 మే 31 తర్వాత మూడో సంతానం కలిగిన వ్యక్తి చార్మినార్ నుంచి శాసనసభకు పోటీ చేయవచ్చు, హైదరాబాద్ నుంచి లోక్‌సభకూ చేయవచ్చు. కానీ తన గల్లీలో చెత్త, రోడ్డు, వీధిదీపాల సంగతి చూసే కార్పొరేటర్ పదవికి మాత్రం 2020 బల్దియా ఎన్నికల్లో కూడా అనర్హుడే. పెద్ద కుటుంబాలు ఎక్కువగా ఉండే పాతబస్తీకి ఈ నిబంధన మిగతా నగరం కంటే గట్టిగా తగిలింది.

జనాభా అదుపు కోసం చైనాలో 1980 నుంచి 2015 దాకా ఒకే బిడ్డ విధానం నడిచింది. అనుమతి లేని కాన్పుకు భారీ జరిమానాలు పడేవి, బలవంతపు గర్భస్రావాలు జరిగేవి. మన దేశంలో అత్యవసర పరిస్థితి నాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల చేదు అనుభవం తర్వాత ఒత్తిడి వేరే రూపం తీసుకుంది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హులను చేసింది. ఏడాది గడువు ఇచ్చి దాన్ని అమల్లోకి తెచ్చారు. పురపాలక చట్టాల్లోనూ ఇదే నిబంధన చేరింది.

భారం ఎక్కువగా పడింది ఆడవాళ్ల మీదే. 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు వారికి కేటాయించిన కాలంలోనే ఈ తలుపు మూసుకుంది. ఎంతమందిని కనాలో చాలా ఇళ్లలో భర్త, అత్తమామలు నిర్ణయిస్తారు, అనర్హత మాత్రం ఆమెకూ అంటుకునేది. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో పరిశోధకురాలు నిర్మలా బుచ్ జరిపిన అధ్యయనంలో భార్యలను వదిలేసిన, గర్భస్రావం చేయించిన, బిడ్డను దత్తతకు ఇచ్చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. అయినా 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి హర్యానా చట్టాన్నే సమర్థించింది. మతస్వేచ్ఛకు భంగమన్న వాదననూ తోసిపుచ్చింది. దత్తతకు ఇచ్చినా ఆ బిడ్డ లెక్కలోకి వస్తుందని 2018లో ఒడిశా కేసులో తేల్చింది.

జననాలు తగ్గింది ఈ చట్టం వల్లేనా? ఉమ్మడి రాష్ట్రంలో 1992-93లో సగటున స్త్రీకి 2.6గా ఉన్న సంతానం, 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి దిగింది. అయితే ఇలాంటి నిబంధనే లేని కేరళ, తమిళనాడుల్లోనూ అది 1.8 మాత్రమే. ఆడపిల్లల చదువు, ఆరోగ్య సేవలు చేసిన పనిని చట్టం ఖాతాలో వేయడం సరికాదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఈ అనర్హతను రద్దుచేసింది. తెలంగాణ మంత్రివర్గం 2025 అక్టోబరులో స్థానిక ఎన్నికల నుంచి దీన్ని ఎత్తివేయాలని నిర్ణయించింది. యువ జనాభా తగ్గిపోతోందన్న ఆందోళనే ఈ మార్పుకు ప్రధాన కారణం. అంటే లెక్కలు మారితే నిబంధన మళ్లీ రావచ్చు. పిల్లల సంఖ్యతో పోటీ చేసే హక్కును ముడిపెట్టడమే తప్పని చట్టసభలు స్పష్టంగా ప్రకటించాలి.